దావీదు మేస్త్రి బదులు బొలోన్యాకి

ఇటలీ వెళ్లొచ్చానని తెలిశాక మా వీధిలో అందరూ మొదట అడిగింది ఒకటే: "అక్కడ అన్నం దొరికిందా?" దొరికింది. బియ్యం నేనే పట్టుకెళ్లాను. రెండో ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు కానీ మొహాల్లో కనపడేది. అమీర్‌పేటలో అరవై మంది ఆడపిల్లల హాస్టల్ నడుపుకునే మనిషికి ఇటలీలో ఏం పని?

దానికి జవాబు చెప్పాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి. నల్లగొండ వైపు నుంచి కెజియా అనే అమ్మాయి మా హాస్టల్లో చేరింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి దావీదు తాపీ మేస్త్రి. సివిల్ ఇంజినీరింగ్ చదివిన కూతురిని, అందరిలాగే సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకొమ్మని అమీర్‌పేట పంపించాడు. మూడు నెలలు పోయాక నాకు అనుమానం వచ్చింది. పొద్దున్నే పుస్తకాల సంచీతో వెళ్లే పిల్ల సాయంత్రం గోళ్లలో తెల్లటి సున్నంతో వస్తోంది. గట్టిగా అడిగితే చెప్పింది. గోల్కొండ వైపు పాత సమాధులకు మరమ్మతులు చేస్తున్న చోటికి వెళ్లి, అక్కడి పనివాళ్ల దగ్గర సున్నపు పూత నేర్చుకుంటోంది. క్లాసుకి వెళ్లడం ఎప్పుడో మానేసింది.

"నాన్నకు చెప్పకండి ఆంటీ," అని చేతులు పట్టుకుంది. ఆ సాయంత్రమే నేను ఫోన్ చేసి చెప్పేశాను. మర్నాడు దావీదు వచ్చాడు. "నా బతుకంత ఇసుకల, సిమెంటుల పోయింది. నీకు సుత గదేనా?" అని పిల్ల పెట్టె సర్దించి తీసుకుపోయాడు. కెజియా నా వైపు చూడకుండా ఆటో ఎక్కింది.

తర్వాత రెండేళ్లు ఆ పిల్ల సంగతి తెలియలేదు. ఇటలీలో తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకిచ్చే ఉపకార వేతనం తెచ్చుకుని, పాత కట్టడాల సంరక్షణలో పీజీ చెయ్యడానికి బొలోన్యా వెళ్లిందని ఎవరో అంటే విన్నాను. పోయిన వేసవిలో దావీదే మా హాస్టల్ మెట్లెక్కి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయట. యూసుఫ్‌గూడలో గది తీసుకుని, వారానికి మూడుసార్లు పంజాగుట్ట ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

"అక్కా, పిల్ల పట్టా తీసుకుంటుంది. గా దినం ఇంటోళ్లు పోయి ముంగట కూసోవాల్నంట. నేను మిషన్ ఇడిచి పోలేను. నువ్వు పోయి రా."

"నేనా? నన్ను చూస్తే మీ అమ్మాయికి ఒళ్లు మండుతుందండీ."

"గదే నిన్ను రమ్మంటుంది," అన్నాడు. కాసేపు తన చేతుల వంకే చూసుకుని, "ఇంకొకటి. నేను అడ్డం పడ్డది తప్పయిందని దానికి జర చెప్పు. నాకు నోరు రాదు," అన్నాడు.

కాశీకని దాచుకున్న డబ్బు ఇటు తిప్పాను. మా ఆయన హాస్టల్ తాళాలు తీసుకుని, "పది రోజులేగా, అన్నం వండించడం ఏమంత బ్రహ్మవిద్యా?" అన్నారు. ఆ మాటకి ఆయన పడ్డ పాట్లు వేరే రాయాలి.

ఊరంతా వరండా

అక్టోబరు మూడో వారం. స్టేషన్ బయట కెజియా నల్లకోటు వేసుకుని నిలబడి ఉంది. "బాగున్నరా ఆంటీ?" అంది. బాగున్నానన్నాను. పెట్టె అందుకుంది. అంతే. పది నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా నడిచాం.

మాటలు లేకపోవడం వల్లనేమో ఊరు బాగా కనిపించింది. బొలోన్యా ఎర్ర ఊరు. ఇటుక ఎరుపు, మిరప్పొడి ఎరుపు, పసుపు కలిసిన ఎరుపు. ప్రతి వీధికీ ఒక పక్కో రెండు పక్కలో ఇళ్ల కిందనుంచే స్తంభాలతో కమానులతో వరండాలు సాగిపోతుంటాయి. ఒక ఇంటి వరండా అయిపోయేచోట పక్కింటిది మొదలవుతుంది. జోరున వాన కురుస్తోంది, మా మీద చుక్క పడలేదు. ఎవరింటి కిందనుంచైనా ఎవరైనా నడవచ్చు, ఎవరూ ఏమనరు. మా అమీర్‌పేటలో ఫుట్‌పాత్ మీద నాలుగడుగులు వెయ్యాలంటే రెండు టిఫిన్ బళ్లు, ఒక బోర్డు, చేతిలో కోర్సుల కాగితం పెట్టే మనిషిని దాటాలి. ఇక్కడ ముసలివాళ్లు వానలో కూడా చేతికర్ర తిప్పుకుంటూ షికారు చేస్తున్నారు.

"ఏడెనిమిది వందల ఏండ్ల కింద మొదలువెట్టిండ్రు ఆంటీ," అంది కెజియా ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి. "చదువుకోనీకి వచ్చే పిల్లలకు రూములు సాలకపోతే పై అంతస్తు రోడ్డు మీదికి ముంగటికి జరిపిండ్రు. కింద గిట్ల వరండాలైనయి."

హాస్టల్ గదులు చాలక ముందుకు జరిపిన ఊరు! ఆ మాటతో బొలోన్యా నాకు చుట్టాలూరు అయిపోయింది.

కాకి పప్పు

కెజియా ఉండేది మరో అమ్మాయితో కలిసి రెండు గదుల ఇంట్లో. ఆ అమ్మాయి పేరు మార్తా, నాకు తన మంచం ఇచ్చి తాను సోఫాలో సర్దుకుంది. పేరుకి పిలిచిందే గానీ కెజియా నాతో అతిథితో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "టీ తాగుతరా? చలివెడుతుందా?" అంతకు మించి లేదు.

రెండోరోజు ఆమె కాలేజీకి వెళ్లాక నేనొక్కదాన్నే సందు చివరి బజారుకి బయల్దేరాను. పుట్టగొడుగులు బుట్టల నిండా, గుమ్మడికాయలు, ద్రాక్ష. పొయ్యి మీద వేయించిన గింజలు పొట్లం కట్టి అమ్ముతున్నారు. పనసగింజలనుకుని కొన్నాను. ఐదు యూరోలు. మన డబ్బులోకి మార్చి గుండె పట్టుకున్నాను. చెస్ట్‌నట్ అట. కొరికితే మన చిలగడదుంపకి చుట్టం. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, అదే కాఫీ కుర్చీలో కూర్చుని తాగితే ఇంకో ధర. నేను నిలబడే తాగాను.

ఒక బండి మీద నిగనిగలాడే పెద్ద టమాటాలు చూసి కిలో కొనుక్కొచ్చి పప్పులో వేశాను. ఉడికేకొద్దీ వాసన తేడాగా ఉంది. ఉప్పు పెంచాను, కారం పెంచాను. సాయంత్రం కెజియా వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఆంటీ, ఏమేసిండ్రు దీంట్ల?"

"టమాటా. ఇక్కడి టమాటా తియ్యగా ఉంది, ఏంటో మరి."

మిగిలిన పండు చూపించాను. ఆ పిల్ల గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. "గది టమాటా కాదు. గదొక తీపి పండు. ఈడ దాని పేరు కాకి!"

"కాకా?"

"కాకే! మీరు కాకి పప్పు చేసిండ్రు ఆంటీ!"

మార్తా పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. విని తను కూడా నవ్వింది. ఆ తియ్యపప్పు ముగ్గురం ఆవకాయ నంజుకుని తిన్నాం. ఆరేళ్లలో ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదటిసారి. దేవుడు నాకు టమాటాకీ ఆ పండుకీ తేడా తెలియనివ్వకపోవడమే మంచిదైంది.

లుచానా గారి పీట

మర్నాడు కింది అంతస్తులో చేత్తో పాస్తా చేసి అమ్మే లుచానా గారి దుకాణానికి వెళ్లాం. డెబ్బై ఏళ్లుంటాయి. మంచమంత చెక్కబల్ల మీద గుడ్లు వేసి కలిపిన పిండిని, బారెడు అప్పడాల కర్రతో, అవతలి వస్తువు కనపడేంత పలచగా ఒత్తుతున్నారు. నేను కళ్లార్పకుండా చూస్తుంటే కర్ర నా చేతికిచ్చారు.

అరవై మందికి పూరీలు ఒత్తిన చేతులు ఇవి. గుండ్రంగా వచ్చింది. ఆవిడ "బ్రావా!" అన్నారు. పలచన మాత్రం రాలేదు, మధ్యలో చిరిగింది. ఆవిడ నా చేతుల మీద తన చేతులు పెట్టి, ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదిలెయ్యాలో చూపించారు. తర్వాత బుల్లి చతురస్రాలు కోసి, లోపల జున్ను లాంటిది పెట్టి, వేలికి చుట్టి మడవడం నేర్పారు. మా రేపల్లె కజ్జికాయని ఉంగరంలో దూర్చినట్టుంది. గంటసేపు ఒకరి భాష ఒకరికి రాకుండా కూర్చుని మడిచాం. వెళ్లేటప్పుడు నేను మడిచినవన్నీ పొట్లం కట్టి ఇచ్చి, డబ్బు తియ్యబోతే కర్ర పైకెత్తి బెదిరించారు.

కొండ మీదికి

ఊరి నుంచి కొండ మీది మేరీమాత గుడి దాకా ఒకటే వరండా ఉంది. మెట్లూ ఎత్తూ కలిపి మూడు, నాలుగు కిలోమీటర్లు. నా మోకాళ్లు సగంలోనే మొండికేశాయి. కెజియా నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, స్తంభాల కింద ఉప్పులా పొడిగా రాలుతున్న పూత చూపించింది. నేలలోని తేమ ఇటుకల్లోకి ఎక్కుతుందట. పైన సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి రాలేక లోపలే ఇటుకను తినేస్తుందట. సున్నమైతే గోడ ఊపిరి తీసుకుంటుందట.

ఆ పిల్ల చెప్తూ ఉంటే నేను మొహమే చూస్తున్నాను. దీన్నా నేను ఫోన్ చేసి పట్టించింది? చెప్పాలని నోరు తెరిచాను. "మంచినీళ్లున్నాయా?" అని వచ్చింది.

పైన గుళ్లో నేను దావీదు పేరు చెప్పి ఒక కొవ్వొత్తి వెలిగించాను. కెజియా గుమ్మం దగ్గరే నిలబడింది. "మా చర్చిల బొమ్మలుండవు ఆంటీ, కొవ్వొత్తులు సుత వెట్టం," అంది. "పర్లేదు, మేం ఎక్కడైనా పెడతాం," అన్నాను. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

చామంతులు పట్టుకుని

పట్టా రోజు. పదిన్నరకి కెజియా పరీక్షకుల ముందు మాట్లాడాలి. అక్కడ పదిన్నరంటే పంజాగుట్టలో రెండు గంటలు, దావీదు మిషన్ మీద ఉండే వేళ. నేను ముందు వరసలో కూర్చుని ఫోన్లో ఆయనకి చూపించాలి. అది నా ఒక్కదాని బాధ్యత.

పొద్దున్నే మా ఆయన వీడియో కాల్. వంటమనిషి రాలేదు, సాంబారులో పప్పు ఎంత వెయ్యాలి, గిన్నె ఏది? అరగంట. అది పెట్టేసి పట్టుచీర కట్టుకున్నాను. కెజియా ముందే వెళ్లింది. మార్తా నాతో వస్తానంది. "నువ్వు వెళ్లమ్మా, నిన్న కెజియా చూపించిన దారేగా," అన్నాను. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

దారిలో పక్క సందులో చామంతులు కనపడ్డాయి. శుభమా అని పెద్ద గుత్తి కొన్నాను. సందులోంచి బయటికి వచ్చేసరికి అన్నీ వరండాలే. ఎర్ర గోడ, కమాను, స్తంభం. అటు వెళ్లినా అదే, ఇటు వెళ్లినా అదే. ఊరి మధ్యలో రెండు గోపురాలున్నాయి, అవి కనపడితే చాలనుకున్నాను. వరండాలో నడిచేవాళ్లకి ఆకాశమే కనపడదు. ఫోన్ తీస్తే నల్లగా చచ్చిపోయి ఉంది. సాంబారు మింగేసింది. పది దాటింది.

ఒక చిన్న కిరాణా కొట్టు ముందు ఉల్లిపాయల బస్తా, పక్కన బాస్మతి బియ్యం సంచులు. లోపల గడ్డం నెరిసిన మనిషి. ఏమైతే అదైందని అమీర్‌పేట ఆటోవాళ్లతో మాట్లాడే హిందీలో, "భాయ్, జరా రాస్తా బోలో," అన్నాను.

ఆయన తలెత్తి, "ఆప్ ఇండియా సే?" అన్నాడు. ఏడుపొచ్చేసింది. పేరు రఫీక్, ఊరు సిల్హెట్, బంగ్లాదేశ్. నేను ఏం చెప్పానో ఎలా చెప్పానో గుర్తు లేదు. కూతురు కాదు, కూతురిలాంటిది, తండ్రి ఆసుపత్రిలో, ఫోన్ పోయింది. ఆయన ఇంకేం అడగలేదు. అమ్మకానికి పెట్టిన పవర్ బ్యాంకు ఒకటి అట్టపెట్టెలోంచి చించి నా ఫోన్‌కి తగిలించాడు. కొట్టు షట్టర్ దించాడు. "చలియే, ఖాలా," అని సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచాడు.

సగం నడక, సగం పరుగు. దారిలో నా చేతిలో పూలు చూసి ఇబ్బందిగా మొహం పెట్టాడు. ఇక్కడ చామంతులు సమాధుల మీద పెడతారట, ముఖ్యంగా ఈ నెలాఖరులో. మార్చే టైము లేదు. శాలువా కింద దాచేశాను.

హాలు తలుపు తోసేసరికి కెజియా మాట్లాడుతోంది. మొదలై ఎంతసేపైందో. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. మార్తా ఉంచిన కుర్చీలో కూలబడ్డాను. దావీదు నంబరు నొక్కాను గానీ పరుగెత్తిన ఆయాసానికి బొమ్మ నిలవడం లేదు. రఫీక్ భాయ్ ఫోన్ అందుకుని, గోడవారన నిలబడి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

తెర మీద దావీదు. ఎడమ చేతికి గొట్టాలు. పక్కన ఆసుపత్రి సిస్టరు వంగి చూస్తోంది. కెజియా ఇటాలియన్‌లో ఏం చెప్తోందో మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో గోడ మీద ఒక ఫొటో పడింది. గోల్కొండ సమాధుల గోడ. దాని ముందు సున్నం పూస్తున్న ముసలి పనివాడి చేతులు. ఆ వెంటనే బొలోన్యా స్తంభం, దానికి అదే రకం పూత. ఫోన్లో దావీదు కళ్లు ఆ బొమ్మ మీంచి కదల్లేదు.

అందర్నీ కాసేపు బయటికి పంపి మళ్లీ పిలిచారు. ఫలితం చదివేటప్పుడు హాలంతా లేచి నిలబడాలి. లేచాం. పరీక్షకుల పెద్దాయన ఏదో గంభీరంగా ప్రకటించి కెజియాతో చెయ్యి కలిపాడు. చప్పట్లు. ఆయన మా వైపు చూసి ఏదో అడిగాడు. కెజియా నన్ను చూపించింది, తర్వాత రఫీక్ భాయ్ చేతిలోని ఫోన్ చూపించింది. ఆ పెద్దాయన నడిచొచ్చి, ఫోన్ ముందు నడుం వంచి, "కాంప్లిమెంతి, సిన్యోరే," అన్నాడు. అభినందనలట.

దావీదు కుడి చెయ్యి పైకెత్తాడు. "వందనాలు సార్," అన్నాడు. వెనకనుంచి వార్డు మొత్తం చప్పట్లు వినపడ్డాయి.

బయట స్నేహితులు కెజియా తలకి ఆకుల కిరీటం పెట్టి ఆటపట్టించే పాట పాడారు. ఎర్ర చక్కెర పూత వేసిన బాదం గింజలు పంచారు. నా శాలువా కిందనుంచి చామంతులు జారిపడ్డాయి. నేను క్షమాపణ చెప్పబోతే, "మనింట్ల గివి సావుపూలు కావు గద ఆంటీ," అని ఒక పువ్వు తుంచి ఆ కిరీటంలోనే దోపుకుంది. రఫీక్ భాయ్ గుప్పెడు బాదం గింజలు జేబులో వేసుకుని, కొట్టు తెరవాలంటూ వెళ్లిపోయాడు. పవర్ బ్యాంకు ఇస్తే, "బేటీకి నా తరఫున," అన్నాడు.

గోడ మూలలో

సాయంత్రం కెజియా నన్ను పెద్ద కూడలి పక్కనున్న పాత భవనం కిందికి తీసుకెళ్లింది. నాలుగు దారులు కలిసేచోట ఎత్తైన కమాను. ఒక మూలలో గోడవైపు తిరిగి గుసగుసలాడితే, ఎదుటి మూలలో చెవి పెట్టినవాళ్లకి వినపడుతుందట. మధ్యలో ఎంతమంది నడుస్తున్నా సరే. నన్ను ఒక మూలలో నిలబెట్టి తను అవతలికి వెళ్లింది.

ఎదురుగా మొహం లేదు, రాయి ఉంది. అందుకేనేమో నోరొచ్చింది.

"కెజియా, ఆ రోజు నేను మీ నాన్నకి చెప్పేముందు నువ్వు చెప్పేది పూర్తిగా వినాల్సింది. వినలేదు. తప్పు నాది."

రాతిలోంచి వచ్చినట్టు మాట వచ్చింది. "మస్తు కోపమొచ్చింది ఆంటీ. రెండేండ్లు మీ నంబర్ బ్లాక్ చేసిన."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"అరవై మందిల నా గోర్లల్ల సున్నం చూసింది మీరొక్కరే. నా రూముల దోస్తులు సుత చూడలే." మళ్లీ గోడలోంచి, "నాన్న ఏమన్న చెప్పమన్నడా?"

చెప్పమన్నాడు. మాట నాలుక చివర ఉంది. కానీ అది నా నోటితో చెప్పే మాట కాదనిపించింది.

"మీ నాన్న మాట మీ నాన్నే చెప్తాడు," అన్నాను గోడతో.

పంజాగుట్ట

తిరిగొచ్చిన మూడోరోజు మెట్రో దిగి ఆసుపత్రికి వెళ్లాను. బొలోన్యాలో నన్ను చెయ్యి పట్టుకుని నడిపించిన వాళ్లందరి పేర్లూ దావీదుకి చెప్పాను. లుచానా, మార్తా, రఫీక్. ఆయన ఒక్కొక్క పేరూ మళ్లీ పలికి, "ప్రభువు సల్లగ సూడాలె," అన్నాడు.

"చెప్పినవా అక్కా?"

"నాది నేను చెప్పుకున్నాను. మీది మీరు చెప్పుకోవాలి దావీదు గారూ." ఫోన్ కలిపి ఆయన ఛాతీ మీద పెట్టాను.

అవతల కెజియా, "నాన్నా," అంది. దావీదు కళ్లు మూసుకున్నాడు. నేను లేచి వెళ్లబోతుంటే గొంతు సవరించుకున్నాడు.

"బిడ్డా, గా ఫొటోల చూసిన. సున్నం ఎన్ని దినాలు నానవెడుతుండ్రు?"

"పదిహేను దినాలు నాన్న."

"సాలదు. మా తాత నెల నాననిదే వాడకపోయేటోడు. నానినంక వేళ్ల సందున రుద్ది చూడాలె. గరుకు తగులొద్దు, ఎన్నపూస లెక్క ఉండాలె. ఎండకాలమైతే పొద్దుగూకినంకనే పుయ్యాలె. నేను సిన్నగున్నప్పుడు ఆయన ఎనుక తిరిగేటోణ్ణి."

"నాకెప్పుడు చెప్పలే?"

"నువ్వు అడగలే. నేను అడగనీయలే." ఫోన్ నోటి దగ్గరికి జరుపుకున్నాడు. "తప్పయింది బిడ్డా."

అవతలినుంచి కెజియా ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. సిస్టరు వచ్చి టైమైపోయిందని మిషన్ వైపు చెయ్యి చాపింది. దావీదు ఖాళీగా ఉన్న చేత్తో ఆమెని ఆగమన్నాడు. ఫోన్లోంచి కాగితాలు తిరగేస్తున్న శబ్దం.

"జర ఆగు నాన్న, జల్ది చెప్పకు," అంటోంది కెజియా. "రాసుకుంటున్న."